పక్కింటికి నెట్ ఇద్దాం... ఇంటి తాళంచెవి కాదు!

ఇరుగూ పొరుగూ అన్నాక ఇచ్చిపుచ్చుకోవడాలు తప్పవు. పొద్దున్నే పాలు విరిగిపోతే గ్లాసు పట్టుకుని పక్కింటికే వెళ్తాం. పెరుగులోకి తోడు, పోపులోకి కరివేపాకు, పండక్కి పెద్ద గిన్నె, చుట్టాలొస్తే రెండు కుర్చీలు... ఇవన్నీ గోడకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఈమధ్య ఆ జాబితాలో కొత్తది ఒకటి చేరింది. "వదినా, మీ వై-ఫై పాస్‌వర్డ్ చెప్తావా? మా నెట్ పోయింది, పిల్లాడికి ఆన్‌లైన్ పరీక్ష ఉంది!"

ఇలా అడిగితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది చెప్పండి? కరివేపాకు రెబ్బ తుంపి ఇచ్చినంత తేలిగ్గా పాస్‌వర్డ్ చెప్పేస్తాం. కానీ కరివేపాకు కూరలో పడితే అయిపోతుంది. పాస్‌వర్డ్ అలా కాదు. పరీక్ష అయిపోయినా, వాళ్ల నెట్ బాగుపడినా, వాళ్లు ఇల్లు మారి వేరే వీధికి వెళ్లినా ఆ ఫోన్లలో అలాగే ఉండిపోతుంది.

నా ఈడు వాళ్లకు "పి.పి. నంబర్" గుర్తుండే ఉంటుంది. ఫోనున్న ఇల్లు వీధికి ఒకటో రెండో ఉన్న రోజుల్లో, పక్కింటి వాళ్ల నంబరునే మన దరఖాస్తుల్లో రాసి, చివర పి.పి. అని చేర్చేవాళ్లం. మనకు ఫోనొస్తే వాళ్లమ్మాయి పరుగున వచ్చి "అత్తయ్యా, మీకు ఫోన్!" అని కేకేసేది. అంత మంచితనమున్న ఇంట్లోనే ఫోన్ డయల్‌కి బుల్లి తాళం కూడా ఉండేది. దాన్ని చూసి ఎవరూ నొచ్చుకునేవాళ్లు కాదు. వచ్చే ఫోన్లు ఎవరివైనా, చేసే ఎస్.టి.డి.లు ఎవరివైనా, బిల్లు వచ్చేది ఆ ఇంటి యజమాని పేరునే అని అందరికీ తెలుసు గనక!

ఇంటర్‌నెట్ విషయంలో ఇప్పుడు మనకు కావలసింది అలాంటి బుల్లి తాళమే. సాయం చెయ్యొద్దని కాదు, సాయానికి ఒక హద్దు గీసుకోమని.

పిన్నిగారి సందేహం

మా ఎదురు ఫ్లాట్‌లో పిన్నిగారు ఉంటారు. వాళ్లమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, కాన్పుకని పుట్టింటికి వచ్చింది. సెలవు మొదలయ్యేదాకా ఇంటి నుంచే పని. సరిగ్గా అప్పుడే రోడ్డు తవ్వకాల్లో వాళ్ల నెట్ తీగ తెగింది. బాగుచేయడానికి పది రోజులన్నారు. నిండు నెలల పిల్ల లాప్‌టాప్ పట్టుకుని ఎక్కడికి తిరుగుతుంది? "అమ్మాయ్, మీ నెట్ కాస్త వాడుకోనిస్తావా?" అని పిన్నిగారు అడిగారు. "అయ్యో, దానికేం పిన్నిగారూ! అరగంటలో ఇస్తాను" అన్నాను.

అరగంట ఎందుకంటే, మా రూటర్‌లో వాళ్లకోసం వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో రెండో వై-ఫై పెట్టాను. పిన్నిగారు నవ్వుతూనే అడిగేశారు. "ఎందుకమ్మా ఇంత తతంగం? మీది చెప్తే సరిపోయేదిగా. మా మీద నమ్మకం లేదా?"

"మీ మీద నమ్మకం లేక కాదు పిన్నిగారూ! మా ఇంట్లో టీవీ, కెమెరా, ఆయన ఆఫీసు లాప్‌టాప్ అన్నీ ఆ వై-ఫైలోనే ఉన్నాయి. మీ ఫోన్లోకి ఏదైనా పాడు యాప్ దూరితే మావాటికి అంటుకోకూడదు. మావాటిలో దూరితే మీ అమ్మాయి లాప్‌టాప్‌కి అంటుకోకూడదు. ఇద్దరికీ మంచిదని వేరే గది ఇచ్చాను" అన్నాను. పిన్నిగారు తల ఊపి, "అవునులే, చుట్టాలొస్తే ముందు గది ఇస్తాం గానీ, బీరువా ఉన్న గది ఇవ్వంగా!" అన్నారు. ఇంత చక్కగా నేను కూడా చెప్పలేను.

గోడ దాటే గాలి

వై-ఫై అంటే రేడియో తరంగాలు. మన ఇంటి గోడ దగ్గర ఆగాలని వాటికి తెలియదు. అందులోనూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు 5 గిగాహెర్ట్జ్ వాటికంటే గోడల్ని బాగా దాటతాయి. అందుకే పక్క వాటాలోనూ, మెట్ల మీదా, కింద స్కూటర్లు పెట్టుకునే చోటా మన ఇంటి పేరు ఫోన్లలో కనబడుతుంది. అది కనబడితే ఏం ఫరవాలేదు. లోపలికి వచ్చాక ఏం చెయ్యగలరన్నదే అసలు సంగతి.

పాస్‌వర్డ్ తెలిసి లోపలికి వచ్చినవాళ్లు మన ఇంటి మనుషులతో సమానం. వాళ్ల పిల్లాడు ఫోన్‌లో యూట్యూబ్ చూస్తూ టీవీ బొమ్మ నొక్కితే, మన హాల్లో టీవీ మీద వాడి కార్టూన్ ప్రత్యక్షం కావచ్చు. ఇది నవ్వుకునే సంగతే. కానీ అదే దారిలో మన ప్రింటరూ, పాస్‌వర్డ్ మార్చని గుమ్మం కెమెరా, రూటర్ సెట్టింగులూ కూడా అందుబాటులోకి వస్తాయి. పక్కింటివాళ్లు మంచివాళ్లే కావచ్చు. వాళ్ల ఫోన్లో తెలియకుండా చేరిన యాప్ మంచిది కానక్కరలేదు కదా!

ఇంకొకటి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఫోన్‌లో ఉన్న వై-ఫై పాస్‌వర్డ్‌ని క్యూఆర్ బొమ్మగా చూపించే వీలొచ్చింది. మనం ఒక్క ఫోన్‌కి ఇస్తే, ఆ ఫోన్‌లోంచి వాళ్ల చుట్టాలకు, చుట్టాల పిల్లల స్నేహితులకు క్షణంలో వెళ్లిపోతుంది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చెయ్యరు. "ఇదిగో, వై-ఫై ఉంది వాడుకోండి" అని మర్యాదకే ఇస్తారు. నెల తిరిగేసరికి మన నెట్ ఎంతమంది చేతుల్లో ఉందో మనకే తెలియదు.

పేరు మాత్రం మనదే!

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మన కనెక్షన్ మీద ఎవరేం చేసినా, బయటి ప్రపంచానికి కనబడేది ఆ కనెక్షనే. కంపెనీ రికార్డులో ఆ కనెక్షన్ మన పేరు మీదో, మన ఇంటాయన పేరు మీదో ఉంటుంది. మనం ఇచ్చిన ఆధార్, చిరునామా అందులోనే ఉంటాయి.

2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్లు జరిగాయి. కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకు ఒక బెదిరింపు ఈ-మెయిల్ వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందని పోలీసులు ఆరా తీస్తే, నవీ ముంబయిలో కాపురముంటున్న ఒక అమెరికన్ ఉద్యోగి ఇంటి కనెక్షన్ దగ్గర తేలింది. ఆయన వై-ఫైకి సరైన రక్షణ లేకపోవడంతో ఎవరో బయటి నుంచి వాడుకున్నారు. ఆయనకు ఆ మెయిల్‌తో సంబంధం లేదని తర్వాత తేలినా, ఈలోగా ఇంటి కంప్యూటర్లు పోలీసుల చేతికి వెళ్లాయి, విచారణ జరిగింది. ఆ తర్వాత 2009 జనవరిలో ముంబయి పోలీసులే వీధుల్లో తిరుగుతూ తాళం లేని వై-ఫైలు ఎక్కడున్నాయో చూడడం మొదలుపెట్టారు.

మన వీధిలో అంత ఘోరం జరగకపోవచ్చు. కానీ ఒక అమ్మాయిని వేధిస్తూ దొంగ పేరుతో పంపిన మెసేజో, మోసపు ఖాతా నడిపిన వ్యవహారమో మన కనెక్షన్ నుంచి జరిగితే, ముందుగా తలుపు తట్టేది మనదే. "మేం కాదండీ, పక్కింటి వాళ్లకు ఇచ్చాం" అని నిరూపించుకోవడానికి మన దగ్గర ఏముంటుంది?

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. వేరే పేరుతో పెట్టిన రెండో వై-ఫై మన టీవీని, కెమెరాని, లాప్‌టాప్‌ని కాపాడుతుంది. మన పేరుని మాత్రం కాపాడదు. ఏ పేరుతో వాడినా బయటికి వెళ్లేది ఒకటే గుమ్మంలోంచి. కాబట్టి ఆ తాళం సగం రక్షణే. మిగతా సగం, మనిషిని తెలుసుకుని, ఎన్నాళ్లకో చెప్పి ఇవ్వడం. ముఖపరిచయం లేనివాళ్లకు, ఎవరి ద్వారానో అడిగించినవాళ్లకు "కుదరదండీ" అనడం తప్పేమీ కాదు.

బిల్లు సగం సగం పంచుకుని ఒకటే కనెక్షన్ రెండిళ్లకూ ఎప్పటికీ వాడుకుందామనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కనెక్షన్ ఇచ్చేటప్పుడు కంపెనీవాళ్లు సంతకం పెట్టించుకునే షరతుల్లో, దాన్ని బయటివాళ్లకు ఇవ్వకూడదనీ, డబ్బుకు అమ్మకూడదనీ సాధారణంగా రాసి ఉంటుంది. ఆ కాగితం ఒకసారి చదివి మరీ నిర్ణయించుకోండి. రెండిళ్లకు రెండు చిన్న ప్లాన్లు తీసుకోవడమే ఉత్తమం.

అరగంట పని... మనమే చేసుకోవచ్చు

"ఇవన్నీ మావారికో, మా అబ్బాయికో తెలుస్తాయి, మనకెందుకు?" అనుకోకండి. కుక్కర్‌కి కొత్త గ్యాస్కెట్ వేసుకున్నంత పని. నెట్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి ఇచ్చిన కాగితం దగ్గర పెట్టుకుని కూర్చోండి.

మొదట రూటర్ లోపలికి వెళ్లాలి. మన వై-ఫైలో ఉన్న ఫోన్లోనో, కంప్యూటర్లోనో 192.168.1.1 లేదా 192.168.0.1 అని కొడితే ఒక పేజీ వస్తుంది. రూటర్ కింద అంటించిన చీటీ మీద ఏ నంబరో రాసి ఉంటుంది. అక్కడ అడిగే పాస్‌వర్డ్ వై-ఫైది కాదు, రూటర్‌ది. చాలా ఇళ్లలో అది అమ్మినప్పటి 'అడ్మిన్' అన్న మాటే! అది తెలిస్తే మనం వేసిన తాళాలన్నీ ఎవరైనా తీసేయొచ్చు. అందుకని ముందు దాన్ని మార్చండి. మార్చింది డైరీలో రాసుకోండి, రూటర్ మీద మాత్రం కాదు.

తర్వాత తాళం రకం చూడండి. 1997లో వచ్చిన డబ్ల్యుఇపి అనే పాత తాళం లోపాలు 2001 నాటికే బయటపడ్డాయి. అది ఉన్నా లేనట్టే. 2004లో వచ్చిన డబ్ల్యుపిఎ-2 గానీ, 2018లో వచ్చిన డబ్ల్యుపిఎ-3 గానీ ఎంచుకోండి. పాత ఫోన్లు కొన్ని డబ్ల్యుపిఎ-3ని పట్టుకోలేవు. అలాంటివి ఇంట్లో ఉంటే రెండూ కలిసిన రకం పెట్టుకోవచ్చు.

ఇక పాస్‌వర్డ్. మన ఇళ్లలో సగం వై-ఫైలకు ఫోన్ నంబరే పాస్‌వర్డ్ అంటే అతిశయోక్తి కాదేమో! మన దేశంలో సెల్ నంబర్ పది అంకెలే, అదీ 6 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవుతుందని అందరికీ తెలుసు. తాళం విప్పాలని కూర్చున్నవాడి కంప్యూటర్ ఆ నంబర్లన్నిటినీ గంటల్లో వేసి చూడగలదు. ఈ తాళాలకు 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. కాబట్టి ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాసి, మధ్యలో ఒక అంకె పెట్టండి. పప్పుగుత్తి, నీలం గొడుగు, రైలు... అలాగన్నమాట. మనకు గుర్తుంటుంది, ఇతరులకు తట్టదు. పిల్లల పేర్లు, పెళ్లిరోజులు వద్దు.

డబ్ల్యుపిఎస్ అని ఒకటుంటుంది. పాస్‌వర్డ్ కొట్టకుండా మీట నొక్కితేనో, ఎనిమిదంకెల నంబరు వేస్తేనో కలిసిపోయే సౌకర్యం. ఆ ఎనిమిదంకెల పద్ధతిలో లోపముందనీ, ఎక్కువలో ఎక్కువ 11,000 సార్లు ప్రయత్నిస్తే తెరుచుకుంటుందనీ 2011లో బయటపడింది. ఆ సౌకర్యం మనకు అక్కర్లేదు, ఆపేయండి.

ఇప్పుడు అసలు పని. సెట్టింగుల్లో 'గెస్ట్ నెట్‌వర్క్' అని ఉందేమో వెతకండి. గెస్ట్ అంటే అతిథి. దాన్ని ఆన్ చేసి, వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. అతిథులు ఇంటి లోపలి పరికరాల్ని చూడొచ్చా అని అడిగే చోట 'వద్దు' అని ఉండాలి. కొన్ని రూటర్లలో అతిథులకు ఇంత వేగం చాలు అని కూడా పెట్టొచ్చు. అప్పుడు వాళ్ల సినిమా వల్ల మన పిల్లల క్లాసు ఆగిపోదు. నెలకు ఇంత డేటా అని పరిమితి ఉన్న ప్లాన్లయితే ఇది మరీ అవసరం.

సరిగ్గా కుదిరిందా అని చూసుకోవడం తేలికే. మన టీవీతో ఎప్పుడూ కలపని ఫోన్ ఒకటి తీసుకుని, అతిథి వై-ఫైకి కలపండి. యూట్యూబ్‌లో టీవీ బొమ్మ నొక్కితే మన టీవీ పేరు రాకూడదు. ఇందాకటి రూటర్ పేజీ కూడా తెరుచుకోకూడదు. తెరుచుకుంటే కంపెనీ అబ్బాయిని పిలిచి "గెస్ట్‌ని విడిగా పెట్టు బాబూ" అనండి. వాళ్లకు తెలిసిన పనే.

మీ రూటర్‌లో ఆ సౌకర్యం లేకపోతే ఇంకో చిన్న రూటర్ కొనుక్కోవచ్చు. కానీ ఒక మెలిక ఉంది. కొత్తదాన్ని పాతదానికి తీగతో కలిపాక, పాతది పక్కింటికి వదిలి, కొత్తదాని మీదకు మన ఇంటి పరికరాలు మారాలి. తిప్పి పెడితే, లోపలున్న వాళ్లకు బయటి గదిలోని మన వస్తువులు కనబడుతూనే ఉంటాయి. మన బీరువా లోపలి గదిలోనే ఉండాలి కదా!

వై-ఫై పేరు కనబడకుండా దాచేస్తే చాలని కొందరంటారు. ఫలానా ఫోన్లనే రానివ్వమని జాబితా పెడితే చాలని ఇంకొందరు. ఇవి చూడ్డానికి బాగుంటాయి గానీ గట్టి రక్షణ కాదు. దాచిన పేరు తెలుసుకోవడం తెలిసినవాళ్లకు కష్టం కాదు. ఇప్పటి ఫోన్లు తమ గుర్తింపు నంబర్ని తామే మార్చుకుంటున్నాయి గనక జాబితాలు నిలవవు. మంచి పాస్‌వర్డే మంచి తాళం.

అడిగి తీసుకునేవాళ్లకు...

ఇచ్చేవాళ్ల సంగతి సరే. పక్కింటి నెట్టో, ఇంటి ఓనర్ల నెట్టో వాడుకునే అమ్మాయిలు, ఒంటరిగా అద్దెకుండే ఉద్యోగినులు కూడా ఒక విషయం తెలుసుకోవాలి. రూటర్ ఎవరిదైతే వాళ్లకు మన ఫోన్ ఎప్పుడు కలిసిందో, ఎప్పుడు విడిపోయిందో కనబడుతుంది. అంటే మనం ఎన్నింటికి ఇంటికొచ్చామో, ఇంట్లో ఉన్నామో లేదో వాళ్లు తెలుసుకోవచ్చు. ఏయే వెబ్‌సైట్లకు వెళ్లామో పేర్లు కూడా తెలిసే వీలుంది. బ్యాంకు లాంటి చోట్ల లోపల రాసిన సంగతులు మాత్రం రహస్యంగానే ఉంటాయి, చిరునామా ముందు తాళం గుర్తు ఉన్నంతవరకూ. అయినా బ్యాంకు పనులకు మన సెల్ డేటా వాడుకుంటే నిశ్చింత. ఫోన్‌కి మన పూర్తి పేరు పెట్టుకుని ఉంటే అది కూడా వాళ్ల జాబితాలో కనబడుతుంది, మార్చుకోండి.

మొహమాటం లేకుండా ఎలా చెప్పాలి?

నిజానికి రూటర్‌తో పని అరగంటే, మనుషులతోనే కష్టం. ఇస్తున్నప్పుడే చెప్పేస్తే తర్వాత ముఖాలు మాడ్చుకోవాల్సిన పనుండదు. "వదినా, మీ నెట్ వచ్చేదాకా వాడుకోండి. వచ్చాక చెప్పండి, ఇది ఆపేస్తాను. వేరేవాళ్లకు మాత్రం ఇవ్వకండేం, కనెక్షన్ మీ అన్నయ్య పేరు మీద ఉంది" అంటే ఎవరూ తప్పు పట్టరు. చెప్పకుండా ఇచ్చి, తర్వాత చెప్పకుండా పాస్‌వర్డ్ మారిస్తేనే మనసులు విరుగుతాయి.

వాళ్ల అవసరం తీరాక అతిథి వై-ఫై ఆపేయడం మరచిపోకండి. ఇంతకు ముందే అసలు పాస్‌వర్డ్ ఇచ్చి ఉన్నారా? కంగారేం లేదు. ఈ ఆదివారం అది మార్చేసి, ఇంట్లో వాళ్ల ఫోన్లకే కొత్తది పెట్టండి. పక్కింటి వాళ్లకు ఇంకా అవసరముంటే అతిథి తలుపు ఉండనే ఉంది. నెలకోసారి రూటర్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా చూసి, తెలియని పేరు కనబడితే ఎవరిదో కనుక్కోండి. రూటర్ కంపెనీ అప్‌డేట్ ఇస్తే వేసుకోండి. 2017లో డబ్ల్యుపిఎ-2లోనే ఒక లోపం బయటపడితే, దాన్ని పూడ్చింది అలాంటి అప్‌డేట్లే.

ఎప్పుడైనా ఎవరి డబ్బయినా ఆన్‌లైన్ మోసంలో పోతే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఈ నంబరు మాత్రం వీధి వీధంతా పంచుకోవచ్చు!